మూడు సున్నాల కుంచె

పన్ను ఎన్నడూ తెల్లగుండదు.
పదకొండేండ్ల సంది నయీంనగర్ డెంటల్ ల్యాబ్‌ల
పింగాణి పొడి తడిపి పండ్లు కడుతున్న,
నేను చెప్తున్న గద, నమ్ముండ్రి.
చిగురు దగ్గర పసుపు, నడుమ మబ్బు,
అంచుకు రవ్వంత నీలం.
తెల్లగ ఉన్నదంటే అది అబద్ధపు పన్ను.

ఓదెలు సారు కట్టుడుపండ్ల కోసం వచ్చి
టేబుల్ మీది దవడలను గాదు, నా చేతిని చూసిండు.
సింగరేణిల ఓవర్‌మన్‌గ చేసి దిగిన మనిషి,
చీకట్ల పైకప్పుకు సన్నపగులు పట్టే కన్ను.
తెల్లారి మిఠాయి డబ్బ తెచ్చిండు:
దూది మీద పన్నెండు సీసపు గుర్రాలు,
పన్నెండుమంది ఫ్రెంచి రౌతులు,
ఒక్కొక్కడు బొటనవేలంత.
"గుర్రానికి ఎనభై, రౌతుకు నూటిరవై.
నెపోలియన్ జీతం బాకీ పెట్టిండేమో గని, నేను పెట్ట."

రాత్రి అన్నం తిన్నంక
లైటు దగ్గరికి గుంజుకొని కూసుంట.
ముందుగల అన్నిటికీ నలుపు.
నలుపు ఎండినంక ఇనుప రొమ్ముకవచం,
కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, తడి లేని వెండి
అంచులకే అంటేటట్టు రుద్దుడు.
ఇత్తడి టోపీ మీద వెంట్రుకల జూలు,
ఎర్ర ఈక, గుండీలు.
గుండీలు మీరు లెక్కపెట్టకుండ్రి, నేను పెట్టిన.
ఊపిరి బిగబట్టి, రెండు గుండెచప్పుళ్ల నడుమ
ఒక గుండీ.

పదకొండు గుర్రాలు నల్లవి, కుమ్మైతువి.
పన్నెండోది బాకా ఊదేటోనిది.
వానికి తెల్లగుర్రమే ఉండాలన్నడు సారు,
తుపాకి పొగల కూడ సేనాపతికి కండ్లబడాలెనట.

తెల్లగుర్రం.
మూడు రాత్రులు దాన్ని ముట్టలేదు.

మా నాయిన యాకయ్యది కాజీపేట స్టేషన్ల జట్కా.
గుర్రం సబ్జాది, పేరు బిజిలి,
పేరుకే.
రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ల మీద నడుస్తదంటరు.
మా నాయిన మెత్తన.
బిజిలి నిజంగనే మూడుకాళ్ల మీద నడిచింది,
కుడి ముందటి మోకాలు రాసుకపోయి.
పసుపు నీళ్లు, వేపనూనె.
ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు సవారీలను దింపి
తాను కూడ దిగి నడిచేటోడు.
ఆటోలు వచ్చినంక ఎవ్వరెక్కుతరు?
జనగామ మనిషికి తొమ్మిది వందలకు ఇచ్చి
మువ్వల పట్టెడ భుజాన ఏసుకొని వచ్చిండు.
వస్తుంటే గల్లీ అంతా బండి వచ్చిందనుకున్నరు.

తెల్లగుర్రాన్ని తెల్లగ ఏస్తే సున్నం కొట్టినట్టుంటది.
బూడిద ముందు, దాని మీద కొంచెం నీలం,
పక్కలకు చుక్కలు, మూతికి కమిలిన గులాబి,
కంటి తెలుపుకు మాత్రం మా ల్యాబ్ రంగు, ఏ-త్రీ,
తంబాకు తినేటోని పన్ను.
ఆఖరికి, కుడి మోకాలు మీద
మూడు సున్నాల కుంచె మొనతోని
ఒక చుక్క.

ఆదివారం గోపాలపురంల యుద్ధం.
టేబుల్ టెన్నిస్ బల్ల మీద కొత్తవాడ జంపఖానా,
దాని కింద గనుల చట్టం పుస్తకాలు పేర్చి కొండ.
సారు దిక్కు ఫ్రెంచోళ్లు,
పోస్టాఫీసు విజేందర్ దిక్కు రష్యా.
నేను చాయ తాగుకుంట చూస్తున్న.
గుర్రాలు కొండెక్కినయి.
మీద రష్యా కాల్బలం చదరం కట్టి, బాయినెట్లు బయటికి.
సారు పాచిక ఏసిండు: రెండు. మల్ల: ఒకటి.
"పాయె," అన్నడు విజేందర్, లడ్డు కొరుక్కుంట.

ఒక్కొక్కటే తీసి డబ్బల పండవెడుతున్నడు సారు.
తెల్లదాని దగ్గర చెయ్యి ఆగింది.
అద్దాలు నొసటికెత్తి, కంటికి దగ్గర వెట్టుకొని,
"మోకాలు కాడ రంగు లేచినట్టున్నదమ్మా."
"లేవలే సార్. అది పుండు."
"పుండు ఎయ్యుమని ఎవరు చెప్పిన్రు?"
"ఎవ్వలు చెప్పలే."

ఇంకేమీ అడగలేదు.
రూలు రూలే, బల్ల మీద మల్ల పెట్టలేదు.
డబ్బల మాత్రం పండవెట్టలేదు దాన్ని,
కిటికీ పలక మీద నిలవెట్టిండు,
చాయ గ్లాసు పక్కన.

సోమవారం నర్సంపేట నుంచి ఒక ఆర్డరు,
పై దవడ, ముందు పన్ను, ఏ-త్రీ.
"కొంచెం తెల్లగ చేయుమంటున్నరు,"
అన్నది ఫోన్ల డాక్టరమ్మ.
కుంచె తడిపిన.
చిగురు దగ్గర పసుపుతోని మొదలువెట్టిన.